డెలివరీ బైకా, సైటు సూపర్‌వైజరా?

ఈ మధ్య ఏ రూముకు పోయినా ఒకటే ముచ్చట. మెస్సులో పప్పు వడ్డించుకుంటూనో, బట్టలు ఆరేసుకుంటూనో ఎవరో ఒక తమ్ముడు అడుగుతాడు: "అన్నా, సైట్ల సూపర్‌వైజర్ పోస్టు ఉన్నదట. బైకు ఇడిసి రమ్మంటున్నరు. పోవాల్నా, వద్దా?" అడిగేది ఊరికే కాదు. పెట్టెలో సివిల్ డిప్లొమా సర్టిఫికెట్ ఉంటుంది, చేతిలో రెస్టారెంట్ పార్శిల్ ఉంటుంది. ఊళ్లో అడిగినవాళ్లకు మాత్రం "కంపెనీల చేస్తున్న" అని చెప్పి ఉంటాడు.

మా రూములో నలుగురం సూపర్‌వైజర్లం. అందులో ముగ్గురం బైకు మీద నుంచి వచ్చినవాళ్లమే. అందుకే ఈ ప్రశ్న మా దగ్గరికి ఎక్కువగా వస్తోంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకంటే, మాకు తెలిసిన లెక్కలన్నీ ఒకచోట పెడదామని ఈ ప్రయత్నం. మేముండేది దుబాయిలో కాబట్టి ముఖ్యంగా యూఏఈ సంగతే చెబుతున్నాం. సౌదీ, ఖతార్, కువైట్‌లలో తేడా ఉన్నచోట ఆ మాట కూడా అంటాం.

డిప్లొమా పిల్లలు బైకులెక్కడం వెనుక పెద్ద కథేమీ లేదు. 2020లో కరోనా వచ్చి సైట్లు మందగించాయి. జనం ఇళ్లలోనే ఉండిపోయారు, తిండి దగ్గర నుంచి మందుల దాకా అన్నీ ఫోనులో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. సైటులో జీతం ఆగిన కుర్రాడికి ఆర్డరుకు ఇన్ని దిర్హాములని రోజూ లెక్క కనబడే పని దొరికింది. అప్పటికే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంది. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న లెవెలింగు, సర్వే అప్పు తీర్చవు కదా. అలా ఏడాదికని ఎక్కినవాళ్లు నాలుగేళ్లు, ఐదేళ్లు బైకు మీదే ఉండిపోయారు.

ఇప్పుడు గాలి మళ్లీ సైటు వైపు మళ్లింది. దుబాయిలో అల్ మక్తూమ్ విమానాశ్రయం కొత్త టెర్మినల్‌కు 12,800 కోట్ల దిర్హాములతో 2024 ఏప్రిల్‌లో ఆమోదం ఇచ్చారు. మెట్రో బ్లూ లైను కాంట్రాక్టు అదే ఏడాది డిసెంబరులో ఖరారైంది. 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు, లక్ష్యం 2029. అటు రియాద్‌కు 2030 ఎక్స్‌పో, సౌదీకి 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దక్కాయి. కాంట్రాక్టరు తెచ్చుకునేది మేస్త్రీలను, కూలీలనే కాదు. వాళ్లను నడిపించడానికి హిందీ వచ్చి, డ్రాయింగు చదవగలిగి, ఇక్కడి ఎండకూ క్యాంపుకూ అలవాటుపడ్డవాడు కావాలి. మన డిప్లొమా బైకు తమ్ముడు ఆ కొలతకు సరిగ్గా సరిపోతాడు. టికెట్ ఖర్చు కూడా లేదు. అందుకే పిలుపులు వస్తున్నాయి.

బైకు మీద మాత్రం పరిస్థితి బిగుస్తోంది. 2022 మేలో దుబాయిలో రెండు పెద్ద యాప్‌ల రైడర్లు ఒకరి తర్వాత ఒకరు పని ఆపేశారు. మొదటి కంపెనీ ఆర్డరు రేటు తగ్గించే ఆలోచనను పక్కన పెట్టింది. సమ్మె చట్టవిరుద్ధమైన దేశంలో రైడర్లు అంత దూరం వెళ్లారంటే రేటు ఎంత ఇరుకున పెట్టిందో అర్థం చేసుకోవచ్చు. 2025 నవంబరు 1 నుంచి దుబాయిలో డెలివరీ బైకులు వేగపు లేన్లలోకి వెళ్లకూడదు. ఐదు, అంతకంటే ఎక్కువ లేన్లున్న రోడ్డులో ఎడమ వైపు రెండు లేన్లు, మూడు నాలుగు లేన్లున్నచోట ఎడమ చివరి లేను నిషేధం. ప్రాణాలకు మంచిదే, మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆర్డరు లెక్కన బతికేవాడికి ప్రతి నిమిషం పైసలే. ఖతార్‌లో 2022 నుంచి ఎండాకాలం పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బైకు డెలివరీ లేదు. కువైట్‌లోనూ వేసవి పగటిపూట ఇలాంటి ఆంక్షే ఉంది. సౌదీలో 2024లో తెచ్చిన నియమాలతో, సౌదీయేతరులు డెలివరీ పని చేయాలంటే లైసెన్సున్న తేలిక రవాణా కంపెనీల కిందే చేయాలి. ఆజాద్ వీసా మీద బైకు తోలుకునే రోజులు అక్కడ పోయినట్టే.

ఇక డబ్బు లెక్క. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బైకు సంపాదనను మొత్తంగా చూస్తారు, సూపర్‌వైజరు జీతాన్ని చేతికొచ్చేదిగా చూస్తారు. రెండూ ఒకే తక్కెడలో పెట్టాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. ఆర్డరుకు 9 దిర్హాములు, రోజుకు 16 ఆర్డర్లు, నెలకు 26 రోజులు. మొత్తం 3,744 దిర్హాములు. వినడానికి బాగుంది. ఇందులో బైకు కిరాయి 500, పెట్రోలు 350, ఫోను డేటా 100, బెడ్ స్పేస్ 450, తిండి 500, ఫైన్లూ పంక్చర్లూ కలిపి సగటున 100 తీసేయండి. 2,000 పోతుంది. మిగిలేది 1,744. పన్నెండు గంటల లెక్కన నెలకు 312 గంటలు రోడ్డు మీద ఉండి మిగుల్చుకున్న సొమ్ము ఇది.

ఇప్పుడు సూపర్‌వైజరు. కొత్తవాడికి వచ్చే ఆఫరు 2,000 అనుకుందాం, అందులో బేసిక్ 1,200. రూము, బస్సు కంపెనీవి. తిండికి 500, ఫోనుకు 50 పోతే మిగిలేది 1,450. అంటే బైకు కంటే 294 దిర్హాములు తక్కువ. మన రూపాయల్లో దాదాపు 7,000. ఇంటికి నెల నెలా 40 వేలు పంపేవాడికి ఇది చిన్న తేడా కాదు. చిట్టీ కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. "ప్రమోషన్ అని చెప్పి పైసలు తక్కువ పంపుడేందయ్యా" అని ఇంట్లో అడిగితే ఏం చెబుతాడు?

కానీ లెక్క ఇక్కడితో ఆగదు. సైటులో రోజూ రెండు గంటలు ఓవర్‌టైమ్ ఉంటుందనుకోండి. బేసిక్ 1,200ను 30తో, మళ్లీ 8తో భాగిస్తే గంటకు 5 దిర్హాములు. యూఏఈ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు 25 శాతం కలిపి ఇవ్వాలి, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. పగటి లెక్కనే చూసినా గంటకు 6.25. నెలకు 52 గంటలకు 325. 1,450కి ఇది కలిపితే 1,775. బైకు మీద మిగిలినదానికంటే కాస్త ఎక్కువే, అదీ 260 గంటల పనికి. కాబట్టి మొత్తం వ్యవహారం ఒక్క ప్రశ్న మీద తిరుగుతోంది. ఓటీ ఇస్తారా, ఇవ్వరా?

కంపెనీలు మెలిక పెట్టేది కూడా సరిగ్గా అక్కడే. "నువ్వు స్టాఫ్. స్టాఫ్‌కు ఓటీ లేదు" అంటారు. మాలో ఒకరికి ఇదే జరిగింది. కంపెనీ పేరు అనవసరం. ఇంటర్వ్యూలో నోటిమాటగా ఓటీ ఉందన్నారు, చేరాక పొద్దున 5 నుంచి సాయంత్రం 6 దాకా సైటులో నిలబెట్టారు. పే స్లిప్పులో ఓటీ గడి ఖాళీ. అడిగితే "సూపర్‌వైజర్లకు చట్టంలోనే లేదు" అన్నారు. సగం నిజమే ఇది. చట్టం కింద 2022లో వచ్చిన నిబంధనల్లో పని గంటల లెక్క వర్తించనివాళ్ల జాబితా ఒకటుంది. అందులో పర్యవేక్షణ ఉద్యోగులూ ఉన్నారు. అయితే ఆ ఉద్యోగం యజమానికుండే అధికారాలు ఇచ్చేదైతేనే అని షరతు. నియమించడానికి, తీసేయడానికి, జీతం నిర్ణయించడానికి అధికారం లేని సైటు సూపర్‌వైజరు యజమాని ఎలా అవుతాడు? మాకు పొద్దున 20 మందికి పని పంచే అధికారం ఉంది, ఒక్కడికి పూట సెలవు ఇచ్చే అధికారం లేదు. హోదా పేరు ఒకటి, అధికారం ఒకటి. ఈ తేడా తెలియక మనవాళ్లు చాలామంది నోరు మూసుకుంటున్నారు. చేరిన తర్వాత కొట్లాడేకంటే సంతకానికి ముందే ఆఫరు లెటరులో ఓటీ మాట రాయించుకోవడం మేలు.

బేసిక్ ఎంతో చూడమని కూడా అందుకే అంటున్నాం. గ్రాట్యుటీ లెక్క కట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. బేసిక్ 1,200 అయితే ఏడాదికి 840 దిర్హాములు. అదే బైకు కంపెనీ బేసిక్ 600 రాసి మిగతాదంతా కమీషన్ కింద చూపిస్తే 420. ఐదేళ్లకు ఎంత తేడా వస్తుందో మీరే చూసుకోండి. వ్యాను డ్రైవర్ల సంగతి వేరు. కంపెనీ వ్యాను, కంపెనీ పెట్రోలు, నెల జీతం ఉన్నవాడికి బైకువాడికున్నంత కోత ఉండదు. అటువంటివాడు 2,000 ఆఫరు చూసి తొందరపడాల్సిన పని లేదు.

డబ్బు తర్వాత కాగితం. కొన్ని కంపెనీలు సూపర్‌వైజరు పని చేయించుకుంటూ లేబర్ కార్డులో మేస్త్రీ అనో, హెల్పరు అనో రాస్తాయి. "పని ముఖ్యం, పేరెందుకు" అంటారు. పేరు కావాలి. యూఏఈ కార్మిక శాఖ పనులను తొమ్మిది నైపుణ్య స్థాయిలుగా విడగొట్టింది. మొదటి ఐదు స్థాయిల్లో ఉండి, అటెస్ట్ అయిన సర్టిఫికెట్ ఉండి, కమీషన్ కాకుండా నెలకు 4,000 దిర్హాముల జీతం ఉంటేనే నైపుణ్య ఉద్యోగి కింద లెక్క. టెక్నీషియన్లు మూడో స్థాయి, మేస్త్రీలు ఏడు, యంత్రాలు నడిపేవాళ్లు ఎనిమిది. 2,000 జీతంతో మొదటి రోజే ఆ గీత దాటలేం. కానీ కార్డులో టెక్నీషియన్ అనో, సివిల్ సూపర్‌వైజరు అనో ఉంటే రేపు ఇంకో కంపెనీకి పోయినప్పుడు అనుభవం కింద చూపించుకోవచ్చు. హెల్పరు అని ఉంటే నాలుగేళ్లు డ్రాయింగులు చదివినా కాగితం మీద నాలుగేళ్లు హెల్పరువే. భార్యాపిల్లలను తెచ్చుకోవాలనే ఆశ ఉన్నవాడికి కూడా గీత అక్కడే ఉంది. 4,000 జీతం, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. బైకు మీద కమీషన్‌తో 4,000 వచ్చినా కాంట్రాక్టులో కనబడేది వేరే అంకె.

సర్టిఫికెట్ అటెస్టేషన్ మాట వస్తే మనవాళ్లు తలపట్టుకుంటారు. ఎస్‌బీటీఈటీ ఇచ్చిన డిప్లొమాకు ముందు రాష్ట్రంలో ముద్ర, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖ. సౌదీకైతే 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ పద్ధతి వచ్చింది కనుక ఎంబసీ మెట్టు తగ్గింది. అయితే సౌదీలో డిప్లొమావాళ్లు టెక్నీషియన్‌గా ఇంజినీర్ల కౌన్సిల్‌లో నమోదు కావాలి. దుబాయిలో ఉన్న తమ్ముడికి సెలవు మీద ఊరికి పోయినప్పుడే ఈ పని చేసుకోవడం చవక. ఇక్కడ ఏజెంటుకు ఇస్తే రెండింతలు అడుగుతాడు. మార్కుల మెమోలు తప్పిపోయినవాళ్లు డూప్లికేటుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంతవరకూ అంకెలు. అంకెల్లో రాని సంగతి ఒకటుంది. మాకు బాగా తెలిసింది అదే.

బైకు మీద ఉన్నవాడు తన ఒంటికి తానే జవాబుదారీ. సూపర్‌వైజరు అడకత్తెరలో పోకచెక్క. పైన ఇంజినీరు "ఈ రోజు స్లాబు పడాలి" అంటాడు. కింద ఉన్నవాళ్లలో మన మండలం వాళ్లే ఉంటారు, వరసకు బావలూ తమ్ముళ్లూ అవుతారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. మీరితే మనిషికి 5,000 దిర్హాముల చొప్పున, గరిష్ఠంగా 50,000 వరకు జరిమానా. తారు వేయడం, మధ్యలో ఆపలేని కాంక్రీటు పోత వంటివాటికి మినహాయింపు ఉంది, నీళ్లూ నీడా ఏర్పాటు చేయాలనే షరతుతో. ఆ మినహాయింపే మా తలనొప్పి. 12.20కి ఇంకో రెండు ట్రక్కులు కాంక్రీటు గేటు దగ్గర ఉంటాయి. ఆపితే కోల్డ్ జాయింట్ వస్తుంది, ఆపకపోతే మనుషులు పడిపోతారు. "ఇంకో అరగంట" అని ఫోను వస్తుంది. ఆ అరగంట మాట మనుషులకు చెప్పేది ఇంజినీరు కాదు, మనం. పొద్దున 9కే పోత మొదలుపెట్టించకుండా తెల్లవారుజామున 4కే ట్రక్కులు తెప్పించమని ముందు రోజు పట్టుబట్టినవాడికి ఈ బాధ సగం తగ్గుతుంది. ఆ పట్టుబట్టడం నేర్చుకోవడానికి మాకు రెండు వేసవులు పట్టింది.

మరోటి, ప్రమాదం. పరంజా మీద నుంచి ఎవరైనా పడితే పోలీసులు ముందు అడిగేది ఆ పని మీద సూపర్‌వైజరు ఎవరని. వర్క్ పర్మిట్ మీద సంతకం ఎవరిది? పొద్దున టూల్ బాక్స్ టాక్ రిజిస్టరులో ఎవరి పేరుంది? నిర్లక్ష్యం వల్ల చావు జరిగిందని తేలితే అది ఇక్కడ క్రిమినల్ కేసు, పైగా దియా సొమ్ము 2 లక్షల దిర్హాములు. కంపెనీ బీమా ఉండొచ్చు, లాయరు ఉండొచ్చు. కేసు తేలేదాకా ప్రయాణం ఆగిపోయి, ఊళ్లో పెళ్లికీ చావుకీ పోలేక కూర్చున్నవాళ్ల సంగతి మనకు తెలియనిది కాదు. చూడకుండా సంతకం పెట్టే అలవాటున్నవాడు ఈ పనికి రావద్దు. ఇది బెదిరించడానికి అనడం లేదు.

అయితే బైకు మీద ప్రమాదం తక్కువా? అదీ చెప్పాలి. యూఏఈలో మధ్యాహ్నపు ఎండ విరామం సైటు కూలీకి ఉన్నట్టు రైడరుకు లేదు. 2025లో 10,000కు పైగా విశ్రాంతి కేంద్రాలు పెట్టారు. మంచిదే. కానీ విశ్రాంతి తీసుకున్న గంటకు ఆర్డరు లేదు, ఆర్డరు లేని గంటకు పైసల్లేవు. ముప్ఫై దాటిన వాడి నడుము కూడా ఒక లెక్క అడుగుతుంది. నలభై అయిదేళ్ల డెలివరీ రైడరు మాకు ఒక్కరు కూడా కనబడలేదు. ఆ వయసు ఫోర్‌మన్లు మాత్రం మా సైటులోనే ఆరుగురున్నారు.

సైటు శాశ్వతమని మాత్రం అనుకోవద్దు. 2009 నవంబరులో దుబాయి అప్పుల సంక్షోభం బయటపడ్డాక క్రేన్లు ఎలా ఆగిపోయాయో పాతవాళ్లను అడగండి. 2016లో చమురు ధర పడ్డప్పుడు సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలే జీతాలు ఆపేశాయి. వేలమంది భారతీయులు క్యాంపుల్లో తిండికి కూడా ఇబ్బంది పడితే మన మంత్రి వీకే సింగ్ జెద్దాకు రావలసి వచ్చింది. డెలివరీ రోజూ ఉంటుంది, ప్రాజెక్టు అయిపోతుంది. యూఏఈలో 2023 జనవరి నుంచి ఉద్యోగం పోతే ఆదుకునే బీమా ఉంది. నెలకు 5 దిర్హాములు కడితే, వరుసగా 12 నెలలు కట్టాక, కంపెనీ తీసేసినప్పుడు బేసిక్‌లో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. రాజీనామా చేసినవాడికి రాదు. ఇక్కడ కూడా బేసిక్కే, గమనించండి.

మారాలని తేల్చుకున్నవాడు తొందరలో చేసే పెద్ద తప్పు ఒకటుంది. "నాలుగు రోజులు ట్రయల్‌కు రా, నచ్చితే వీసా తీస్తం" అని సైటువాళ్లు పిలుస్తారు. సెలవు పెట్టి పోతాడు. పర్మిట్ లేకుండా వేరే కంపెనీలో పని చేయడం నేరం. 2024లో చట్టం సవరించి అలా పని చేయించుకునే కంపెనీకి జరిమానా లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా పెంచారు. దొరికితే మన మీదా పడుతుంది. పద్ధతి ప్రకారం అయితే, ప్రొబేషన్ దాటినవాడు కాంట్రాక్టులో రాసినంత నోటీసు ఇవ్వాలి. అది 30 నుంచి 90 రోజుల మధ్య ఉంటుంది. ప్రొబేషన్‌లోనే ఉండి ఇక్కడే ఇంకో కంపెనీకి పోవాలంటే నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, పాత కంపెనీ రిక్రూట్‌మెంట్ ఖర్చు కొత్త కంపెనీ భరించాలి. చెప్పకుండా రూము మారితే పాతవాడు పరారీ కేసు పెడతాడు. అప్పుడు డిప్లొమా, అనుభవం ఏదీ అక్కరకు రాదు. బైకు లైసెన్సు ఖర్చు బాకీ ఉందని కంపెనీ చెబితే కాగితం చూపించమనండి. తేలకపోతే కార్మిక శాఖకు పోవచ్చు. 2024 జనవరి నుంచి 50,000 దిర్హాముల లోపు తగాదాలను శాఖే తేలుస్తోంది.

మా అభిప్రాయం అడిగితే, ఊళ్లో వడ్డీ అప్పు పెద్దగా ఉండి, ఓటీ రాసివ్వని 2,000 ఆఫరు చేతిలో ఉన్నవాడు ఇప్పుడు కదలొద్దు. ఆరు నెలలు బైకు మీదే ఉండి అప్పు కొంత దించుకుని, రాత్రిపూట బార్ బెండింగ్ షెడ్యూలు, షట్టరింగు డ్రాయింగు మళ్లీ చదువుకోవాలి. ఐదేళ్లుగా ఆటో లెవెల్ ముట్టనివాడికి మొదటి వారమే సైటులో పరువు పోతుంది. అప్పు తేలికగా ఉండి, కార్డులో సరైన పేరూ లెటరులో ఓటీ రాసిస్తామన్నవాళ్లు దొరికితే, నెలకు 200, 300 తగ్గినా రావచ్చు. మొదట చార్జ్‌హ్యాండ్‌గా తీసుకుంటామంటే చిన్నతనం అనుకోవద్దు. మాలో ఇద్దరం అలాగే వచ్చాం.

మొన్న మా రూముకు వచ్చిన జగిత్యాల తమ్ముడికి ఇవన్నీ చెప్పాం. ఆఫరు లెటరు ఫోనులో చూపించాడు. బేసిక్ 1,300, పోస్టు సివిల్ సూపర్‌వైజరు, రూము కంపెనీది. ఓవర్‌టైమ్ దగ్గర మాత్రం "కంపెనీ పాలసీ ప్రకారం" అని ఉంది. అదేమిటో రాతలో చెప్పమని ఆ రాత్రే మా ముందు కూర్చుని మెయిల్ పెట్టాడు. ఇంకా జవాబు రాలేదు. అతను మరునాడు మామూలుగానే బైకెక్కాడు.